పరీక్షరోజు జ్వరం

సూపర్‌వైజరు నుంచి ఫోన్ వస్తే నాకు ఎత్తాలనిపించదు. ఆయన తిట్టే మనిషి కాదు. తిడితే నేనూ రెండు అని దులిపేసుకునేదాన్ని. ఆయన నవ్వుతూ మాట్లాడతాడు, అదీ బాధ.

"ఎల్లుండే కదా మేడం పరీక్ష. మీ బడిలో ఎంతమందికి జ్వరం వచ్చేలా ఉంది?" అన్నాడు.

కొత్తవాళ్ళకైతే ఈ మాట అర్థం కాదు. నాది పదకొండేళ్ళ సర్వీసు. మా పై ఆఫీసు కింద చిన్నపిల్లల బడులు ఆరున్నాయి. మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లలకు ఏటా ఒకసారి పట్నం నుంచి ఒకావిడ వచ్చి పరీక్ష పెడుతుంది. రంగుల పేర్లు చెప్పాలి, పది దాకా లెక్కపెట్టాలి, బొమ్మ చూపిస్తే అదేంటో చెప్పాలి. పాలపళ్ళు కూడా ఊడని పిల్లలకు మార్కులేంటని మొదటి ఏడాది మీటింగులో అడిగాను. అప్పటినుంచి మీటింగుల్లో నా కుర్చీ తలుపు పక్కనే వేస్తున్నారు. బడి సగటు అరవైకి తగ్గిందంటే ఆ బడి మూసేసి, పిల్లల్ని పద్దెనిమిది కిలోమీటర్ల అవతల పట్నంలో ఉన్న పెద్ద బడికి బస్సులో తోలేస్తారు. అందుకని మా ఆరు బడుల్లోనూ ఒక అలవాటు పడిపోయింది. నోరు విప్పని పిల్లలకు, మొండికేసే పిల్లలకు పరీక్షరోజున జ్వరం వస్తుంది. హాజరుపట్టీలోకైతే ఒకరోజు ముందే వచ్చేస్తుంది.

"మా పిల్లలు గుండ్రాళ్ళలా ఉన్నారండీ" అన్నాను.

"అందరూనా? ఆ మాట్లాడని పాప సంగతేంటి?"

చూద్దాంలెండి అని ఫోన్ పెట్టేశాను. ఆ పాపని మేం గువ్వ అంటాం. నాలుగేళ్ళు. రెండేళ్ళుగా మా బడికొస్తోంది. చెప్పిన పనల్లా చేస్తుంది, ఎర్రబిళ్ళ తెమ్మంటే ఎర్రబిళ్ళే తెస్తుంది, కానీ ఈ రెండేళ్ళలో నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. పేరు పిలిస్తే పలకదు. గట్టిగా పిలిస్తే బల్ల కిందికి దూరుతుంది. పరీక్షలో నోటితో చెప్పిందానికే మార్కులు కాబట్టి గువ్వకు సున్నా ఖాయం.

ముందు వారమే మా పదహారుమందికీ నేనే పరీక్ష పెట్టి చూసుకున్నాను. గువ్వని తీసేస్తే సగటు అరవైరెండు. కలిపితే యాభైఎనిమిది. ఎన్నిసార్లు వేసినా అంతే వచ్చింది. మాకు ఆ అరవైరెండు వచ్చిందే ఎక్కువ. లెక్కలు నేర్పే బిళ్ళల పెట్టె ఆరు బడులకీ కలిపి ఒక్కటే ఉంది, ఆరు వారాలకోసారి మా వంతు వస్తుంది. పదహారుమందికి ఎనిమిది కుర్చీలు. మరుగుదొడ్డి కడతామని బడి వెనకాల గొయ్యి తవ్వి, పక్కన సిమెంటు తూములు దింపి, వెళ్ళినవాళ్ళు ఎనిమిది నెలలుగా పత్తా లేరు. ఇలాంటిచోట పిల్లలకు ఏం రాలేదని అడగడానికి మాత్రం ఏటా తప్పకుండా వస్తారు.

బడి పోతే నా ఉద్యోగం పోతుందని కాదు నా భయం. నన్ను ఇంకెక్కడో పడేస్తారు. నా భయమంతా ఆ బస్సే. నిరుడు మూసేసిన బడి పిల్లల్ని అందులో ఎక్కిస్తుంటే చూశాను. నలభైమంది పసివాళ్ళకి ఒక్క డ్రైవరు. ఆయా లేదు. మావాళ్ళలో సగంమందికి చెప్పులు ఏ కాలివి ఏ కాలికో తెలియదు.

మర్నాడు సాయంత్రం గువ్వవాళ్ళమ్మ వచ్చింది. ఆమె కోడిపిల్లల్ని పొదిగించే ఫారంలో పనిచేస్తుంది. తలకి కట్టుకున్న వల ఇంకా తీయలేదు.

"రేపు బడి లేదమ్మా. సున్నాలు వేస్తున్నారు" అన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది.

"అవునా? నాకు ఐదింటికే షిఫ్టు. సరేలెండి, పక్కింట్లో దర్జీ మామయ్య ఉన్నాడుగా, ఆయన దగ్గర దింపి వెళ్తా." కూతురు జుట్టు సర్దుతూ ఆగింది. "ఇది మీతో ఏమైనా మాట్లాడుతోందా టీచర్‌గారూ? ఇంటికొస్తే నోరు మూయదండీ. మా టీచరిలా అంది, మా టీచరలా అంది అని మీ గోలే."

ఎవరో చాచి చెంపమీద కొట్టినట్టయింది. మాట్లాడుతుందిలేమ్మా, మెల్లిగా, అని ఏదో అన్నాను. వాళ్ళు మలుపు తిరిగాక లోపలికొచ్చి, పట్టీలో గువ్వ పేరుకెదురుగా మర్నాటి గడిలో జ్వరం అని రాసేశాను.

మా ఆయా నాకన్నా పదేళ్ళు పెద్దది. నేను అక్కా అంటాను. పొద్దున్నే ఆమెకి చెప్పాను.

"గేటు దగ్గరే ఉండక్కా. పరీక్ష జరుగుతున్నంతసేపూ గొళ్ళెం తీయొద్దు, తల్లులు కిటికీల్లోంచి అందిస్తారు. గువ్వ గనక పొరపాటున వస్తే లోపలికి రానీకు. నీకు జ్వరం, ఇంటికెళ్ళమ్మా అను."

"జ్వరమా? నిన్న బానే గెంతిందిగా టీచరమ్మా."

"అక్కా!"

"సరేలే తల్లీ, అంటాలే" అంది ఆమె.

పరీక్షావిడ తొమ్మిదింటికి వచ్చింది. సన్నగా, నెమ్మదిగా ఉంది. పిల్లలకు భయం వేస్తుందని చెప్పులు బయటే విప్పి, చాపమీద కూర్చుంది. చెడ్డమనిషైనా బాగుండేది, తిట్టుకోవడానికి. నేను పట్టీ ఇచ్చాను. గువ్వ గడి చూసి తలూపి, పదహారో కాగితం మడిచి అట్ట కింద పెట్టేసింది. అంత తేలిగ్గా అయిపోయిందేమిటా అనిపించింది.

పిల్లలు బాగా చేస్తున్నారు. మా పిడుగు పది దాకా అడిగితే ఇరవై దాకా లెక్కపెట్టి, ఇంకా కావాలా అన్నాడు. తొమ్మిదోపిల్ల ఆవు బొమ్మ చూసి, ఇది మాది కాదు, మాది నల్లది అంది. పరీక్షావిడ నవ్వి మార్కు వేసింది. నాకూ కాస్త ఊపిరాడింది.

పదకొండవుతుండగా గేటు దగ్గర మాటలు వినిపించాయి. తల్లులెవరో వచ్చారనుకుని విసుక్కుంటూ వెళ్ళాను. దర్జీ నిలబడి ఉన్నాడు, మెడలో టేపు, చేతిలో చిన్న స్టీలు డబ్బా.

"గువ్వ డబ్బా మర్చిపోయింది టీచరుగారూ. ఆకలేస్తుందని తెచ్చా" అన్నాడు.

నాకు వెంటనే ఎక్కలేదు. "గువ్వ మీ ఇంట్లో లేదా?"

"మా ఇంట్లోనా? బడి లేదని వాళ్ళమ్మ వదిలి వెళ్ళింది. తీరా చూస్తే పిల్లలంతా ఇస్త్రీ బట్టలేసుకుని ఇటే వస్తున్నారు. పాపం వాళ్ళమ్మ రోజు మర్చిపోయిందనుకుని, ముఖం కడిగి నేనే తీసుకొచ్చా. తొమ్మిదిన్నరకి ఇదిగో ఈ గేటు దగ్గరే దింపా. ఆయమ్మ చూసింది కూడాను."

నేను అక్క వంక చూశాను. ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"నువ్వు వెనకాలే ఉన్నావనుకున్నా" అంది దర్జీతో. "నీకు జ్వరం, మామయ్యతో ఇంటికెళ్ళిపో అన్నా. తలొంచుకుని వెనక్కి తిరిగింది. నువ్వున్నావనుకున్నా నాయనా..."

"నేను మలుపు తిరిగేశాగా! మీరు లోపలికి తీసుకుంటారనుకున్నా."

తొమ్మిదిన్నర నుంచి పదకొండు. గంటన్నర. గేటు ముందు కంకరలారీలు తిరిగే రోడ్డు.

ఇక్కడ నేను చేసిన పని ఎవరికీ చెప్పుకోలేదు, ఇప్పుడు చెబుతున్నాను. గట్టిగా అరవాల్సింది పోయి, గొంతు తగ్గించాను. "అక్కా, నువ్వు బడి చుట్టూ చూడు. అన్నయ్యా, మీరు రోడ్డు వెంట వెళ్ళండి. గోల చెయ్యకండి" అని, ముఖం తుడుచుకుని, నవ్వు పులుముకుని లోపలికెళ్ళి చాపమీద కూర్చున్నాను. ఇంకా అయిదుగురు మిగిలారు. ఆ అయిదుగురూ అయిపోతే సగటు వచ్చేస్తుంది. ఈలోపు గువ్వ దొరికితే ఎవరికీ ఏమీ తెలియదు. నేను నిజంగా అలాగే అనుకున్నాను.

పన్నెండోవాడు పూసలు లెక్కపెడుతున్నాడు. ఒకటి, రెండు, మూడు. నాకు పూసలు కనబడటంలేదు. వెనక కిటికీలోంచి గొయ్యి మీద కప్పిన రేకు కనిపిస్తోంది. అది ఎప్పుడూ ఉండేచోట లేదు. మొన్న గాలివానకి పక్కకి జరిగింది. గోతిలో అంచుదాకా నీళ్ళు.

నాలుగు, అయిదు, అన్నాడు వాడు. ఆరు మర్చిపోయి నావైపు చూశాడు. నేను వాడివైపు చూసి నవ్వుతూనే ఉన్నాను.

అక్క గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రాలేదు, మాట్లాడలేదు. కొంగు పక్కకి తీసి చేతిలో ఉన్నది చూపించింది. చిన్న నీలం చెప్పు. ఒక్కటే. ఎక్కడ దొరికిందని అడగక్కర్లేదు, దానికంతా గోతి పక్కన తవ్విపోసిన ఎర్రమన్ను.

అప్పుడు అరిచాను. ఏమని అరిచానో తెలియదు. పన్నెండోవాడు ఏడుపందుకున్నాడు. పరీక్షావిడ లేచింది. "పాప కనబడటంలేదండీ. జ్వరం లేదు. నేనే రావద్దన్నాను. గేటు దగ్గర్నుంచి తిప్పి పంపేశాం" అన్నాను. ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసి, కాగితాలు అక్కడే వదిలేసి, చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది.

పావుగంటలో ఊరు ఊరంతా బడి వెనకాల ఉంది. ఇద్దరు గోతిలోకి దిగారు, గుండెల్లోతు నీళ్ళు. ఒకడు వాసంతో కెలుకుతున్నాడు. మిగిలినవాళ్ళు గువ్వా గువ్వా అని గొంతులు చించుకుంటున్నారు. పలకని పిల్లని పిలిచి లాభం లేదని నాకు తెలుసు. అయినా అందరికన్నా గట్టిగా నేనే పిలిచాను. వాసం దేనికో తగిలి ఆగిన ప్రతిసారీ నా ప్రాణం పోయి వచ్చింది. ఒకసారి సిమెంటు సంచి వచ్చింది. ఇంకోసారి విరిగిన పార. నేను మన్నులో కూలబడ్డాను. దీని తల్లికి ఏం చెప్పాలి, ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి అన్నది తప్ప నా బుర్రలో ఇంకేం లేదు.

అంతలో ఆమె రానే వచ్చింది. ఎవరో ఫారానికి ఫోన్ చేశారు. తలకి వల, ముందు ఆప్రాను, దానినిండా పసుపురంగు నూగు. ఏడుస్తుందనుకున్నాను, నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండును అనుకున్నాను.

"బడి లేదన్నారుగా?" అంది. అంతే అంది. కిటికీలోంచి చూస్తున్న పదిహేనుమంది పిల్లల్నీ, పరీక్షావిడనీ చూసింది. ఆమెకి అంతా అర్థమైంది. అర్థమవడం నేను చూశాను.

తర్వాత జనంవైపు తిరిగింది. "ఎవరూ పిలవకండి. అరిచేకొద్దీ లోపలికి పోతుంది అది. నోళ్ళు మూసుకోండి దయచేసి."

ఒక్కొక్కరే ఆపారు. గోతిలో ఉన్నవాళ్ళు వాసం పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆమె నేలమీద కూర్చుంది. పిలవలేదు, వెతకలేదు. ఆప్రానుమీది నూగు గిల్లుకుంటూ ఊరికే కూర్చుంది. అంతమంది మధ్య చప్పుడే లేదు, వాసం మీంచి నీళ్ళు కారడం వినిపిస్తోంది. ఎంతసేపో తెలియదు. నాకైతే బతుకంత అనిపించింది.

తూముల్లో ఏదో కదిలింది.

మూడోదాంట్లోంచి ముందు ఒక కాలు వచ్చింది, చెప్పు లేనిది. తర్వాత రెండోది. గువ్వ వెనక్కి పాక్కుంటూ బయటికొచ్చి, ఎవరివైపూ చూడకుండా, తల్లి ఒళ్ళోకి వెళ్ళి ముఖం దాచేసుకుంది. మేం గొంతులు చించుకున్నది దానికి రెండు బారల దూరంలో. పిలిచిన ప్రతిసారీ ఇంకొంచెం లోపలికి జరిగి ఉంటుంది. రెండేళ్ళుగా నేను దానికి చేస్తున్నదీ అదే. చెప్పు గువ్వా, గట్టిగా చెప్పు, ఇంకోసారి చెప్పు.

నేను దగ్గరికెళ్ళబోయాను. తల్లి చెయ్యి అడ్డం పెట్టింది.

జనం సర్దుకున్నాక పరీక్షావిడ నన్ను వరండాలోకి పిలిచింది. అరికాళ్ళకి మన్ను అంటుకుని ఉంది. పదహారో కాగితం మడత విప్పి చేతిలో పట్టుకుంది.

"పరీక్ష టైములో బడి ఆవరణలో ఉన్న పిల్లలందరికీ పెట్టాలని రూలు" అంది. నా కళ్ళలోకి చూడటంలేదు. "ఆ తూములు ఆవరణలోకి వస్తాయా? కంచె ఎక్కడిదాకా ఉంది?"

నాకోసమే అడుగుతోందని తెలిసింది. అక్కడ కంచె పడిపోయి ఏడాదైంది. తూములు బయట ఉన్నాయంటే బయట, లోపలున్నాయంటే లోపల. బయట అనే ఒక్క మాటతో పదిహేనుమందికి బస్సు తప్పుతుంది. గువ్వకీ తప్పుతుంది. మెట్లమీద తల్లి కూతురి కాళ్ళు కడుగుతూ వింటోంది.

"లోపలే" అన్నాను.

నిజాయితీ అని ఎవరైనా అంటే నాకు మండుతుంది. నిజాయితీ కాదు. ఇంకోసారి ఆ పిల్ల ఇక్కడ లేదని ఆ తల్లి ముందు అనడానికి నాకు భయమేసింది, అంతే.

మిగిలినవాళ్ళది అయ్యాక గువ్వని చాపమీద కూర్చోబెట్టారు. ఎర్రబిళ్ళ చూపించి ఇదేం రంగు అన్నారు. గువ్వ బిళ్ళ వంక చూసింది, నా వంక చూసింది. ఇరవై ప్రశ్నలు. పరీక్షావిడ ఒక్కదానికీ గొంతు పెంచలేదు. చివర సున్నా చుట్టేటప్పుడు ఆవిడ చెయ్యి ఆగింది. కానీ చుట్టింది.

యాభైఎనిమిది. రెండు నెలల్లో ఉత్తర్వులొచ్చాయి. నన్ను పై ఆఫీసు స్టోరులో వేశారు, బిళ్ళల పెట్టె ఎక్కడికి వెళ్ళిందో రాసుకునే పని. అక్కని ఇంటికి పంపేశారు. ఊళ్ళో కొందరు నాతో మాట్లాడటం మానేశారు. నీ ఒక్క మాటకి మా పిల్లల్ని బస్సుపాలు చేశావని పిడుగువాళ్ళ నాన్న ముఖంమీదే అన్నాడు. అబద్ధమైతే దెబ్బలాడేదాన్ని.

బస్సు మొదటిసారి వచ్చినరోజు పొద్దున్నే వెళ్ళాను. ఎవరూ రమ్మనలేదు. గువ్వవాళ్ళమ్మ షిఫ్టుకి వెళ్ళిపోయింది, దర్జీ తీసుకొచ్చి ఎక్కించాడు. అప్పటికే రెండూళ్ళ పిల్లలు లోపల గోలగోలగా ఉన్నారు. గువ్వ వెనకనుంచి రెండో కిటికీ దగ్గర కూర్చుంది. తల పైభాగం మాత్రం కనిపిస్తోంది.

డ్రైవరు ముందు నిలబడి చీటీ చూసి పేర్లు పిలుస్తున్నాడు. మనిషి మంచివాడే, ఏడుస్తున్న పిల్లలకు ముక్కులు తుడిచాడు. మావాళ్ళు ఒక్కొక్కరే పలికారు. పిడుగు రెండుసార్లు పలికాడు. గువ్వ పేరు వచ్చింది. జవాబు లేదు. ఆయన ఇంకొంచెం గట్టిగా పిలిచాడు. కిటికీలో ఆ తల కొంచెం కిందికి దిగింది. మూడోసారి, లోపలి గోలని మించిపోయేలా అరిచాడు. కిటికీ ఖాళీ అయిపోయింది.

ఆయన వరసలన్నీ ఒకసారి చూసి, రాలేదు అనుకుంటూ చీటీమీద అడ్డగీత గీసి సీట్లో కూర్చున్నాడు. తలుపు మూసుకుంది.

పద్దెనిమిది కిలోమీటర్లు. అక్కడ అందరూ దిగిపోతారు. సీటు కింద ఉన్నదాన్ని ఎవరూ వెతకరు, రాలేదుగా. బస్సుకి తాళం వేసి ఎండలో పెడతారు, సాయంత్రం దాకా. నేను రెండు చేతులతో బస్సుని బాదాను. చేతులు వాచినా తెలియలేదు.

తలుపు తెరుచుకుంది. "ఏంటి మేడం?" అన్నాడు డ్రైవరు.

"పాప ఉంది."

"ఎక్కడ? మూడుసార్లు పిలిచాను మేడం, మీరు విన్నారుగా."

"పిలవొద్దు" అన్నాను. లోపలికెక్కి, వెనకదాకా నడిచి, నడవాలో కింద కూర్చున్నాను. సీటు కింద చీకట్లో రెండు మోకాళ్ళు కనిపించాయి. నేను పేరు పిలవలేదు. చెయ్యి చాచలేదు. వాళ్ళమ్మ కూర్చున్నట్టే ఊరికే కూర్చున్నాను. పిల్లలు వింతగా చూశారు, వాళ్ళలో వాళ్ళే నెమ్మదించారు.

అయిదు నిమిషాలు పోయాయి. డ్రైవరు ఇంజను ఆపి వచ్చి నా వెనక నిలబడ్డాడు. వంగి సీటు కింద చూశాడు. చేతిలో చీటీ వంక చూసుకున్నాడు. ఆయన ముఖం పాలిపోయింది.

"నాకింకా రెండూళ్ళున్నాయి మేడం" అన్నాడు, గొంతు బాగా తగ్గించి. కోపంగా అనలేదు. "రేపు ఎవరు కూర్చుంటారు ఇలా?"

స్టోరులో పదింటికల్లా సంతకం పెట్టాలి. గువ్వ ఇంకా బయటికి రాలేదు. నేను నడవాలో అలాగే కూర్చున్నాను.